ఎండ కాసే దీవిలో చీకటి కథ: సైప్రస్ నేపథ్యంగా థ్రిల్లర్ నవల రాయడం ఎలా

సైప్రస్ మీద నవల రాద్దామనుకునేవాళ్లు ఎక్కువగా సముద్రంతో మొదలుపెడతారు. నీలం నీళ్లు, సున్నం కొట్టిన తెల్ల గోడలు, మూడో పేజీలో శవం. ఆ తెల్ల గోడలు గ్రీసులోని చిన్న దీవులవి. రాజధాని నికోసియా పాతబస్తీ ఇళ్లు పసుపు ఛాయ ఇసుకరాయివి, పల్లెల్లో అయితే మట్టి ఇటుకలవి. అసలు సముద్రం దగ్గర మొదలుపెట్టాల్సిన పనే లేదు. ఈ దీవిలో కథకు ఇంధనం దీవిని ఉత్తరం, దక్షిణంగా చీలుస్తూ 180 కిలోమీటర్ల పొడవున అడ్డంగా పోయే గీత. అది వర్ణనకు పనికొచ్చే వస్తువు అనుకుంటే నవల పోస్టుకార్డు అయిపోతుంది. మనుషుల్ని, సాక్ష్యాల్ని, ఫోన్లని, చివరికి గడియారాల్ని కూడా ఆపగలిగే యంత్రం అనుకుంటే ప్లాటు దానంతటదే కదులుతుంది.

మొదటి పని: ఊరు కాదు, సంవత్సరం ఎంచుకోండి

ఇక్కడ ఏ పాత్ర ఎక్కడికి వెళ్లగలదో తేల్చేది ఏడాది. కథ ఏ ఏడాదిలో జరుగుతుందో తేల్చకుండా మొదటి అధ్యాయం రాస్తే పదో అధ్యాయం దగ్గర మొత్తం చెరిపేయాల్సి వస్తుంది. గోడకు అంటించుకోవాల్సిన తేదీలు ఇవి. 1960 ఆగస్టు 16న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం. 1963 డిసెంబర్‌లో గ్రీకు, టర్కిష్ సైప్రియాట్లు అనే రెండు సమాజాల మధ్య కొట్లాటలు. ఆ నెలాఖరున మేజర్ జనరల్ పీటర్ యంగ్ నికోసియా మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు, గ్రీన్ లైన్ అనే పేరు అందుకే. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతి దళం. 1974 జూలై 15న గ్రీసు సైనిక ప్రభుత్వం దన్నుతో అధ్యక్షుడు మకారియోస్ మీద కుట్ర, 20న టర్కీ సైన్యం దిగడం, ఆగస్టు 16న కాల్పుల విరమణ. 1983 నవంబర్ 15న ఉత్తరం తనను తాను ప్రత్యేక దేశంగా ప్రకటించుకుంది. టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు.

ఆ తర్వాతి తేదీలే థ్రిల్లర్ రాసేవాడికి ఎక్కువ పనికొస్తాయి. 2003 ఏప్రిల్ 23 వరకు మామూలు మనిషి గీత దాటడం దాదాపు అసాధ్యం. ఆ రోజు గేట్లు తెరిచారు. దశాబ్దాల క్రితం వదిలొచ్చిన ఇళ్లు చూసుకోవడానికి జనం రెండు వైపుల నుంచీ వెళ్లారు. పాత యజమాని తలుపు తట్టడం, ఇప్పుడున్నావిడ కాఫీ పెట్టివ్వడం: మంచి సన్నివేశమే, కానీ వాడి వాడి అరిగిపోయింది. వాడక తప్పదంటే ఇంట్లో ఒక గది తలుపు మాత్రం తెరవనివ్వకండి. అక్కడి నుంచి అది మీ కథ అవుతుంది.

2003 నుంచి 2015 మే దాకా ఉత్తరం వాళ్లు దాటేవారి చేత చిన్న కాయితం నింపించి దాని మీద ముద్ర వేసేవారు. పాత పుస్తకంలో దొరికిన అలాంటి కాయితం కన్నా మంచి ఆధారం ఏముంటుంది? కారుతో దాటితే గేటు దగ్గర వేరే ఇన్సూరెన్స్ కొనాలి, ఆ చీటీ మీద తేదీ, బండి నంబరు ఉంటాయి. ఇంకో సంగతి: నికోసియా నడిబొడ్డున 2008 ఏప్రిల్‌లో తెరిచిన లెద్రా వీధి గేటు నడిచేవాళ్లకే. డిక్కీలో శవంతో లెద్రా వీధి దాటించారంటే, ఒక్కసారి ఆ ఊరు వెళ్లొచ్చిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

ఇక ఈ దీవి మీకు ఉచితంగా ఇచ్చిన ఎలిబీ (నేరం వేళ ఇంకోచోట ఉన్నానన్న రుజువు) ఒకటుంది. 2016 అక్టోబర్ చివర్లో దక్షిణం మామూలుగా గడియారాలు గంట వెనక్కి తిప్పింది. ఉత్తరం మాత్రం టర్కీని అనుసరించి తిప్పలేదు. 2017 మార్చి చివరి దాకా ఒకే ఊళ్లో రెండు టైములు నడిచాయి. ఉత్తరాన రాత్రి పదింటికి టీ కొట్టు కెమెరాలో కనబడ్డవాడు పది నిమిషాలు నడిస్తే దక్షిణాన తొమ్మిదీ పదికి ఇంకో కెమెరాలో పడతాడు. దీన్ని చివర్లో టోపీలోంచి కుందేలులా తీస్తే మోసం. ఐదో అధ్యాయం లోపే ఏ అపాయింట్‌మెంటుకో గంట ముందు వెళ్లి గొణుక్కునే పాత్ర చేత చెప్పించేయండి. పాఠకుడు విని మరిచిపోవాలి.

ఫోన్ల సంగతి కూడా ఏడాదిని బట్టే. రెండు వైపుల మొబైల్ నెట్‌వర్కులు కలిసి పనిచేసే ఏర్పాటు 2019 జూలైలో గానీ రాలేదు. అంతకు ముందు కథలో దక్షిణం సిమ్‌తో గీతకు దూరంగా ఉత్తరాన మెసేజ్ పంపిస్తే తప్పు.

రెండో పని: శవం ఎవరి నేల మీద ఉందో తేల్చండి

దీవిలో అధికారాలు రెండు కాదు, నాలుగు. దక్షిణాన సైప్రస్ రిపబ్లిక్ పోలీసులు. ఉత్తరాన, సైనిక కమాండ్ కింద పనిచేసే పోలీసులు. మధ్యన బఫర్ జోన్: పాతబస్తీలో కొన్నిచోట్ల మూడున్నర మీటర్లు కూడా ఉండదు, బయట ఒకచోట ఏడు కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ ఐరాస సైనికులు, పోలీసులు తిరుగుతారు గానీ ఎవరినీ కోర్టుకు లాగే అధికారం వాళ్లకు లేదు. నాలుగోది చాలామంది మరిచిపోయేది: అక్రోతిరి, ధెకేలియా. దీవిలో సుమారు మూడు శాతం, 254 చదరపు కిలోమీటర్లు, ఇప్పటికీ బ్రిటన్ సార్వభౌమ స్థావరాలే. వాళ్లకు సొంత పోలీసులు, సొంత కోర్టు.

శవాన్ని రెండు వందల మీటర్లు జరిపితే కేసు దేశం మారిపోతుంది. అందుకే మ్యాపు మీద చుక్క పెట్టి, ఆ చుక్క నుంచి మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: మొదట ఎవరొస్తారు, శవపరీక్ష ఎవరు చేస్తారు, అనుమానితుడు ఏ వైపు పారిపోతే దొరకడు.

మూడో ప్రశ్న ఊహ కాదు. 2005 జనవరిలో నికోసియా–లార్నాకా హైవే మీద ఒక టర్కిష్ సైప్రియాట్ కుటుంబంలో ముగ్గురిని కాల్చి చంపారు. నేరం దక్షిణాన, అనుమానితులు ఉత్తరాన. సాక్ష్యాలు అప్పగిస్తే ఆ పాలనను గుర్తించినట్టవుతుందని దక్షిణం ఇవ్వలేదు. మనుషుల్ని ఉత్తరం అప్పగించలేదు. పట్టుకున్నవాళ్లు విడుదలయ్యారు. చనిపోయినవారి బంధువులు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్తే 2019 జనవరిలో గ్రాండ్ ఛాంబర్ టర్కీ సహకరించలేదని తప్పుపట్టింది, సైప్రస్‌ను తప్పుపట్టలేదు. ఈ తీర్పు పూర్తిగా చదవండి. నవలకు కావాల్సిన విధివిధానాలన్నీ అందులో దొరుకుతాయి. ఆ కుటుంబాన్ని మాత్రం మీ పాత్రలుగా చేయకండి. గోడ ఆకారం తీసుకోండి, మనుషుల్ని కాదు.

మూడో పని: పాత నేరాన్ని ఎముకలతో కట్టండి

నవల గుండె ఇదే కాబట్టి దీనికి ఎక్కువ టైము పెట్టండి.

1963–64, 1974 హింసలో కనబడకుండా పోయినవాళ్ల అధికారిక జాబితా 2,002 మంది: 1,510 మంది గ్రీకు సైప్రియాట్లు, 492 మంది టర్కిష్ సైప్రియాట్లు. వీళ్లను వెతికే సంఘం 1981లో ఏర్పడింది. ముగ్గురు సభ్యులు: రెండు సమాజాల నుంచి ఒక్కొక్కరు, మూడోవారిని రెడ్‌క్రాస్ ఎంపిక చేస్తే ఐరాస నియమిస్తుంది. క్రమం తప్పని తవ్వకాలు మొదలయ్యేసరికి 2006 వచ్చింది. ఇప్పటికి వెయ్యి మందికి పైగా అవశేషాలు గుర్తించి కుటుంబాలకు అప్పగించారు.

పని ఇలా నడుస్తుంది. ఎవరో ముసలాయన వచ్చి ఫలానా చోట పాతారని చెబుతాడు. అతని పేరు బయటికి రాదు. రెండు సమాజాల పురావస్తు నిపుణులు కలిసి ఒకే జట్టుగా వెళ్తారు. యంత్రం పైమట్టిని పొరలు పొరలుగా తీస్తుంటే బకెట్టు పళ్ల దగ్గర ఒకరు కన్నార్పకుండా నిలబడతారు. ఎముక కనబడ్డాక యంత్రం ఆగుతుంది, బ్రష్షులు, చిన్న తాపీలు వస్తాయి. బావిలో అయితే అది కూలకుండా పక్కనుంచి విశాలంగా తవ్వుకుంటూ దిగాలి. ఈ దీవిలో బావుల్లో దొరికినవాళ్లు తక్కువేం కాదు. తర్వాత నికోసియా పాత విమానాశ్రయం దగ్గర, ఐరాస రక్షిత ప్రాంతంలోని ప్రయోగశాల. కుటుంబ సభ్యుల రక్తంతో డీఎన్ఏ పోలుస్తారు, నెలలు పడుతుంది. చివరికి బంధువుల్ని పిలిచి బల్ల మీద ఎముకల్ని మనిషి ఆకారంలో పేర్చి చూపిస్తారు. పక్కన గుండీలో, బెల్టు బకిలో, చేతి గడియారమో.

ఇక్కడే మీ నవల మలుపు ఉంది. ఆ సంఘం చావుకు కారణం చెప్పదు, ఎవరు బాధ్యులో చెప్పదు. దాని నిబంధనల్లోనే అలా రాసుకున్నారు, లేకపోతే ఎవరూ నోరు విప్పరని. కపాలంలో రంధ్రం కనబడుతూనే ఉంటుంది, కాయితం మీద మాత్రం పేరు తప్ప ఏమీ ఉండదు. ‘ఎవరు చంపారు’ అన్నది మామూలు అపరాధ పరిశోధన నవలకు ఆఖరి పేజీ. ఇక్కడ అది ఊరందరికీ తెలిసిన సంగతే కావచ్చు. చెప్పిన ముసలాయన ఎందుకు ఇప్పుడే చెప్పాడు, ఏ సగం దాచుకున్నాడు అన్నదే మీ చిక్కుముడి.

తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. చాలా తవ్వకాల్లో ఏమీ దొరకదు. ‘అత్తిచెట్టుకు ఇరవై అడుగులు’ అన్న గుర్తులో చెట్టు ఎప్పుడో కొట్టేశారు, రోడ్డు వెడల్పు చేశారు, పైన విల్లాలు లేచాయి. కొన్నిచోట్ల ఎముకల్ని తీసి ఇంకోచోటికి మార్చేశారు, పెద్ద ఎముకలు పోయి వేళ్ల ఎముకలు మాత్రం మిగులుతాయి. మొదటి తవ్వకంలోనే పూర్తి అస్థిపంజరం దొరికిందని రాస్తే నమ్మరు. ఒక తవ్వకం ఖాళీగా పోనివ్వండి, రెండోదాంట్లో వేళ్ల ఎముకలు మాత్రమే. ఎవరో ముందే వచ్చి తీసుకెళ్లారని చెప్పడానికి డైలాగు అక్కర్లేదు.

నాలుగో పని: చరిత్ర ఎక్కడ మొదలవుతుందో జాగ్రత్త

మీ గతకథ 1974లో మొదలైతే తెలియకుండానే గ్రీకు సైప్రియాట్ల నవల రాస్తున్నారు: ఇళ్లు పోయినవాళ్లు, టర్కీ ట్యాంకులు. 1963లో మొదలైతే టర్కిష్ సైప్రియాట్లది: చుట్టుముట్టిన మొహల్లాలు, అదృశ్యమైన తండ్రులు. నవలంతా ఒకే పాత్ర కళ్లలోంచి అయితే ఆ పక్షపాతం చెల్లుతుంది, రచయిత గొంతులో చెల్లదు. పాత నేరాలు రెండు పెట్టండి, ఒక్కో ఏడాది నుంచి ఒక్కోటి, రెండూ ఒకే ఊరివి. మాటల్లోనూ ఇదే గొడవ: ఒకరికి 1974 ‘దురాక్రమణ’, ఇంకొకరికి ‘శాంతి చర్య’. పాత్ర నోటి నుంచి ఏదొచ్చినా సరే, వర్ణనలో మాత్రం ‘టర్కీ సైన్యం దిగింది’ అనే పొడిమాట చాలు.

మారొనైట్లు అనే చిన్న క్రైస్తవ సమాజాన్ని మరిచిపోకండి. ఉత్తరాన కొర్మకీతిస్ అనే వాళ్ల పల్లెలో 1974 తర్వాత కూడా కొందరు ఉండిపోయారు. రెండు వైపులకూ చెందని సాక్షి కావాలంటే అక్కడే దొరుకుతాడు.

ఐదో పని: వెతికేది ఎవరు

పోలీసు హీరో వద్దు. గీత దగ్గరికొచ్చేసరికి అతని అధికారం చచ్చిపోతుంది, మిగతా కథంతా ఫోన్లు చేసుకుంటూ గడపాలి. తవ్వకం జట్టులోని అమ్మాయి, దుబాసి, భూమి రికార్డుల గుమాస్తా: వీళ్లకు రెండు వైపులా పని ఉంటుంది. గుమాస్తా ఆలోచన చిన్నది కాదు. ఆస్తి పట్టాని దక్షిణాన ‘కొచాని’, ఉత్తరాన ‘కొచాన్’ అంటారు, ఒకటే మాట. ఒకే ఇంటికి ఇద్దరి చేతుల్లో రెండు కొచాన్లు ఉండటం అక్కడ మామూలు సంగతి, హత్యకు సరిపడా కారణం కూడా.

తెలుగు పాత్రను పెట్టాలనిపిస్తే కాయితాలు సరిచూసుకోండి. ఉత్తరాన ఎర్జాన్ విమానాశ్రయంలో దిగిన భారతీయుణ్ని దక్షిణం అక్రమంగా వచ్చినవాడిగా చూస్తుంది, గేటు దాటనివ్వకపోవచ్చు. ఆ అడ్డంకే పాత్రకు బలం, సగం దీవే అతని లోకం. బయటి నుంచి వచ్చిన తెలివైనవాడు అక్కడివాళ్ల ముడి విప్పేసే కథ మాత్రం వద్దు. వలస పనివాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకో చీకటి కనబడుతుంది. 2019 ఏప్రిల్‌లో మిత్సెరో దగ్గర, నీళ్లు నిండిన పాత గని గోతిలో ఒక మహిళ శవం బయటపడింది. తీగ లాగితే వరుస హత్యలు, చనిపోయినవాళ్లు విదేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు. కనబడటం లేదన్న ఫిర్యాదుల్ని పట్టించుకోలేదన్న ఆగ్రహం మధ్య న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశారు.

భారతదేశంతో నిజమైన లంకె ఇంకోటుంది. ఐరాస దళానికి తొలి కమాండర్ జనరల్ జ్ఞాని. తర్వాత వచ్చిన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబర్‌లో అక్కడే చనిపోయారు, మరుసటి ఏడు సైప్రస్ ఆయన స్మారకంగా తపాలా బిళ్ల వేసింది. 1974లో కమాండర్ ప్రేమ్‌చంద్. ఆ తపాలా బిళ్ల అంటించిన, ఎన్నడూ చేరని ఉత్తరం ఒకటి గతకథకు బాగా నప్పుతుంది.

ఆరో పని: పిలుపులు

ఇంగ్లీషులో రాసేవాళ్లకు లేని వెసులుబాటు మనకుంది. గ్రీకులో, టర్కిష్‌లో కూడా నువ్వు, మీరు వేరువేరు. ‘మీరు’ ఏ పేజీలో ‘నువ్వు’ అయిందో అక్కడ బెదిరింపో, ప్రేమో మొదలైనట్టే. రాతప్రతిలో ప్రతి జంటకూ ఆ పేజీ నంబరు రాసిపెట్టుకోండి. టర్కిష్‌లో మన ‘గారు’ లాంటి బే (మగవాళ్లకు), హనిమ్ (ఆడవాళ్లకు) అసలు పేరు తర్వాత వస్తాయి: హసన్ బే, అయ్షె హనిమ్. తండ్రి తమ్ముడు ‘అమ్‌జా’, తల్లి తమ్ముడు ‘దాయి’, మన బాబాయ్, మామయ్య లాగే. గ్రీకులో ఇద్దరూ ‘థియోస్’. గ్రీకులో పిలిచేటప్పుడు మగవాళ్ల పేరు చివరి ‘స్’ పోతుంది: ఆంద్రెయాస్‌ను ‘ఆంద్రెయా’ అంటారు. ‘ఆంద్రెయాస్, ఇటు రా’ అని రాస్తే పిలిచినవాడు గ్రీకు రానివాడని అర్థం. తప్పులా కనబడే ఈ చిన్న సంగతినే ఆధారంగా వాడుకోవచ్చు.

ఊళ్లకు కూడా గ్రీకులో ఒకటి, టర్కిష్‌లో ఒకటి, రెండేసి పేర్లు: కెరీనియాయే గిర్నె, అమ్మోఖోస్తోసే మఘుసా. వర్ణనలో ఒక పేరు ఖాయం చేసుకుని సంభాషణల్లో ఎవరి పేరు వాళ్ల చేత పలికించండి.

ఏడో పని: ఎండ

జూలైలో నికోసియా పగటి వేడి సగటున 37 డిగ్రీలు, నలభై దాటడం మామూలే. అక్కడి చీకటి గంట అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం రెండు. షట్టర్లు దించేస్తారు, వీధిలో కుక్క కూడా ఉండదు, ఎవరూ చూడరు. హత్య అప్పుడు చేయించండి. రాత్రి అయితే జనమంతా అరుగుల మీదే ఉంటారు. భయం రాయడానికి నీడలు వెతక్కండి, నీడ లేకపోవడమే రాయండి: కారు స్టీరింగ్ పట్టుకోలేకపోవడం, సహారా దుమ్ము పట్టి తెల్లబడ్డ ఆకాశం, ఉదయం దొరికిన శవం సాయంత్రానికి ఏమవుతుందన్నది.

జూలై 20కి ఒక అధ్యాయం కేటాయించండి. తెల్లవారుజామున ఐదున్నరకు దక్షిణాన సైరన్లు మోగుతాయి, చనిపోయినవాళ్ల కోసం. అదే రోజు ఉత్తరాన పండగ సెలవు, కవాతు. పాతబస్తీలో గీత పక్క ఇంట్లో పడుకున్న పాత్రకు రెండూ వినిపిస్తాయి. రాత్రి ఉత్తరాన ఐదు వేళ్ల కొండ మీద చిత్రించిన పెద్ద జెండా దీపాలతో వెలుగుతుంది, దక్షిణాన మేడ మీద ఆరేసిన బట్టలు తీసేవాళ్లకు కూడా కనబడుతుంది. దాని గురించి ఒక్క వాక్యం చాలు, రెండో వాక్యం ఉపన్యాసం అవుతుంది.

ఎనిమిదో పని: లెక్కలు

తెలుగులో 50 వేల పదాలు, డెమీ సైజులో దాదాపు 240 పేజీలు. 34 అధ్యాయాలు, ఒక్కోటి దాదాపు 1,500 పదాలు. అందులో గతకథకు తొమ్మిదికి మించొద్దు, వర్తమానం ఊపు తగ్గుతుంది. పేరున్న పాత్రలు పన్నెండు లోపు, గ్రీకు, టర్కిష్ పేర్లు మన పాఠకుడికి త్వరగా కలిసిపోతాయి. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు రెండు పెట్టకండి. గీత దాటే సన్నివేశాలు ఐదు చాలు. ప్రతి దాటడానికీ పాత్ర ఏదో పోగొట్టుకోవాలి: సమయం, నమ్మకం, ఫోన్ సిగ్నల్, ఏదైనా. ఊరికే దాటితే ఆ పేజీ తీసేయండి.

ఒక నోటుబుక్‌లో ఆధారాల పట్టీ రాసుకోండి: ఆధారం, పాఠకుడికి కనబడ్డ పేజీ, దాని అసలు అర్థం తెలిసిన పేజీ. ఈ రెండు పేజీల మధ్య ముప్ఫై కన్నా తక్కువ తేడా ఉంటే పాఠకుడు పట్టేస్తాడు.

అచ్చుకు ముందు చూసుకోవాల్సినవి

బండ్లు రెండు వైపులా ఎడమ పక్కనే నడుస్తాయి, మనలాగే. అద్దెకార్లకు ఎర్ర నంబరు ప్లేట్లు, సాక్షికి గుర్తుండేది అదే. దక్షిణాన యూరో 2008 జనవరి నుంచి, ఉత్తరాన టర్కిష్ లిరా. గతకథలో సైప్రస్ పౌండు, దానికి వెయ్యి మిల్‌లు. సెంట్లు 1983లో వచ్చాయి. అమ్మోఖోస్తోస్‌లో జనం వదిలేసిపోయిన పేట వరోషా 1974 నుంచి కంచె వెనక ఉంది, 2020 అక్టోబర్‌లో కొంత భాగం తెరిచారు, కాబట్టి 2010 కథలో అక్కడ సెల్ఫీ దిగే పర్యాటకుడు ఉండడు. సైనిక స్థావరాల దగ్గర, గీత పొడవునా కాపలా గుడిసెల దగ్గర ఫోటోలు నిషేధం. మీ పాత్ర ఫోటో తీస్తే పట్టుబడాలి, లేదా ఎందుకు పట్టుబడలేదో చెప్పాలి.

చివరి అధ్యాయం రాసేటప్పుడు కోర్టు గది వైపు వెళ్లకండి, పైన చెప్పిన నాలుగు అధికారాల్లో ఏదీ ఆ కేసు విచారించదు. ప్రయోగశాల బల్ల దగ్గర ముగించండి. కొడుకు గడియారం గుర్తుపడతాడు. చంపినవాడి పేరు అతనికి తెలుసు, ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. అధికారి సంతకం కోసం కాయితం ముందుకు జరుపుతుంది. అతను పెన్ను అడుగుతాడు.